పదకొండో నంబరు వంతు

కోస్గి మార్కెట్ యార్డులో ప్రేమ్‌సాగర్ అని అడిగితే ఏ ప్రేమ్‌సాగర్ అంటారు. పదకొండో నంబరు అంటే మాత్రం కాంటా పక్కన పడుకున్న కుక్క కూడా తల తిప్పి చూస్తుంది. హమాలీ ముఠాలో మనిషికి పేరుకన్నా నంబరు ముందు. పన్నెండు మంది ముఠా, పన్నెండు నంబర్లు. లారీకి ఎక్కించే వడ్ల బస్తాలు ఒకటో నంబరుతో మొదలై పన్నెండో నంబరు దాకా వరసగా ఒక్కో వీపు మీదికి పోతాయి. మళ్లీ ఒకటికి వస్తాయి. జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్లి ఉన్నా ఆ వరస తెగకూడదు. మనిషి రాకపోతే అతని వంతు ఇంకెవరో మోయాలి. మూడు పూటలు వరసగా నంబరు ఖాళీ పోయిందంటే నాలుగో పూట ఆ నంబరు మీద కొత్త మనిషి నిలబడి ఉంటాడు. ఎవడు పెట్టాడో ఈ కట్టు అని తిట్టాలనిపిస్తుంది గానీ, ఇది కడుపు నిండినవాడు పెట్టింది కాదు. ఒక్కడు ఎగ్గొడితే మిగతా పదకొండు నడుములూ పోతాయని భయపడ్డవాళ్లే పెట్టుకున్నారు.

పదకొండో నంబరు మొదట ప్రేమ్‌సాగర్ తండ్రి దానయ్యది. ఒక ఎండాకాలం దానయ్య యార్డులోనే గుండె ఆగి పోయాడు. ప్రేమ్‌సాగర్ అప్పుడు నారాయణపేటలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. బాపు పోయాడు, చదువు ఆగింది, నంబరు వీపు మీదికి వచ్చింది. అప్పటికి ఇరవై ఏళ్లు. మొదటి నెలలో మెడ వాచి తల పక్కకు తిరగలేదు. రెండో ఏడాదికి మెడ వెనక కాయ కాసింది. ఆ తర్వాత నొప్పి గురించి ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

పోలీసు కొలువు మీద అతనికి పిచ్చి ప్రేమేం లేదు. ఖాకీ వేసుకుని నలుగురిని బెదిరించాలన్న సరదా అసలే లేదు. నడుము వంచకుండా బతకాలి, అంతే. ఇంటరు పాసైనవాడికి అందేంత ఎత్తులో ఉన్న సర్కారు కొలువు కానిస్టేబుల్ ఒక్కటే. తెలంగాణ వచ్చాక పడ్డ మొదటి నోటిఫికేషన్ వడ్ల సీజన్‌లో కొట్టుకుపోయింది. రెండోసారి పరుగులో పన్నెండు సెకన్లు వెనకబడ్డాడు. పరుగు పోతే అక్కడినుంచే ఇంటికి పంపిస్తారు, మిగతావాటి దాకా పోనివ్వరు. మూడోది రెండువేల ఇరవై రెండులో పడింది. రెండు లారీల మధ్య దొరికిన సందులో బస్తాల మీద పుస్తకం పెట్టుకుని చదివి మొదటి రాతపరీక్ష దాటాడు. ఇక డిసెంబరులో మహబూబ్‌నగర్‌లో ఒంటి పరీక్ష. పదహారు వందల మీటర్లు ఏడు నిమిషాల పదిహేను సెకన్లలో ఉరకాలి. నాలుగు మీటర్లు దూకాలి. ఏడు కిలోల పైచిలుకు ఇనుప గుండును ఆరు మీటర్ల అవతల పడేలా వేయాలి. ఏది తప్పినా ఇంటికే. పైగా వయసు అంచుకు వచ్చింది. ఈసారి పోతే మళ్లీ దరఖాస్తు పెట్టే వీలు లేదు.

డిసెంబరంటే యార్డులో వడ్లు గుట్టలుగా పడే నెల. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు ఆ నెలలోనే పరీక్ష కూడా వచ్చింది. రోజుకు మూడు లారీలు, ఒక్కోరోజు నాలుగు. ఒక్కో మనిషి వీపు మీదుగా రెండు వందల బస్తాలు పోతాయి, బస్తాకు నలభై కిలోలు. ఆ పని మొదలయ్యేలోపే ప్రేమ్‌సాగర్ పొద్దున అయిదింటికి జూనియర్ కాలేజీ గ్రౌండులో ఉరకాలి. అక్కడ అతనికి తోడు విజేందర్, బస్టాండు ఎదుటి జిరాక్స్ షాపువాళ్ల కొడుకు. వాడిదీ అదే పరీక్ష. వాడికి మంచి బూట్లున్నాయి, ఫోనులో సెకన్లు లెక్కపెట్టే యాప్ ఉంది, పరుగు అయ్యాక ఇంటికి పోయి పడుకునే వీలుంది. మనవాడికి అందులో ఏదీ లేదు.

"అన్నా, నీ వీపు మీద మూట లేదే. జర సీదా ఉరుకు" అని విజేందర్ మొదటి రోజే నవ్వాడు.

నవ్వినా మాట నిజం. లారీకి వేసిన చెక్కపలక మీద తొమ్మిదేళ్లు ఎక్కి దిగిన కాళ్లు అవి. మోకాళ్లు కొంచెం వంచి, పాదం ఎక్కువ లేపకుండా, పొట్టి పొట్టి అడుగులు వేస్తాయి. బరువుతో పలక మీద పడిపోకుండా ఉండాలంటే అదే నడక. గ్రౌండులో ఆ నడకే అతనికి శత్రువైంది. మొదటి వారం ఎనిమిది నిమిషాల పది. నెల తిరిగేసరికి ఏడు నిమిషాల నలభై. ఆ నలభై దగ్గర బండి దిగబడ్డట్టు దిగబడిపోయింది. ఎంత ఉరికినా ఒక్క సెకను తగ్గలేదు.

"నీకు కసరత్తు తక్కువై గాదన్నా, ఎక్కువై" అన్నాడు విజేందర్ ఒకరోజు. "పొద్దుగాల ఉరుకుడు ఒకటి, పొద్దంత మోసుడు ఇంకొకటి. నడుమ రెస్టేది? కాళ్లు మొద్దువారినయ్ నీకు."

ఇంట్లో భార్య గ్లోరీ కూడా అదే మాట ఇంకోలా అంది. ఆమె ప్రైవేటు బడిలో ఆయా. పొద్దున్నే నాలుగు కోడిగుడ్లు ఉడకబెట్టి, రాత్రి నానబెట్టిన శనగలు గిన్నెలో పోసి ముందు పెట్టేది. సాయంత్రం అతని పిక్కలకు నూనె రాస్తుంటే లోపల గోలీల్లాంటి గడ్డలు వేళ్లకు తగిలేవి. "మా బడిల పిల్లలకు ఆటల పీరియడ్ పెడ్తరు, ఆడి జర అలిసిపోవాలని. నీకేమో అలిసిపోయినంక ఆట" అని ఆ గడ్డల్ని బొటనవేలితో నొక్కేది.

గుండు గురించి కూడా చెప్పాలి. విజేందర్ కాలేజీ వ్యాయామం సారుని అడిగి ఒక ఇనుప గుండు తెచ్చాడు. పరుగయ్యాక రోజూ పది పదిహేను సార్లు వేసేవాడు. "నువ్వు గూడ నాలుగేసి చూడన్నా" అన్నాడు. ప్రేమ్‌సాగర్ గుండును అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. "గిదేందిరా, కాంటల పెట్టే బాటు లెక్కుంది. నలభై కిలోలు మోసేటోనికి గిది ఒక లెక్కనా" అని తిరిగి ఇచ్చేశాడు. యార్డులో ఈ మాట చెబితే ముఠా అంతా పగలబడి నవ్వింది. ఏడు కిలోల ఇనుము పెట్టి హమాలీకి పరీక్ష పెడతారా అని ఒకడు, మా ఇంటి రుబ్బురోలు పొత్రం కూడా అంతకన్నా బరువేనని ఇంకొకడు. మనమున్నా అలాగే నవ్వేవాళ్లం. దిగబడ్డది పరుగు దగ్గర, పోయినసారి ముంచింది పరుగు. అతని కళ్లముందు ఇంకేదీ కనబడలేదు. పైగా సాయంత్రానికి భుజాలు పచ్చిపుండులా ఉండేవి. వాటికి ఇంకో పని చెప్పడానికి మనసొప్పలేదు.

ముఠా మేస్త్రీ మైసయ్య, ఒకటో నంబరు. యాభై ఏడేళ్లు. దానయ్యా అతనూ ఒకే ఏడాది యార్డులోకి వచ్చారు. ప్రేమ్‌సాగర్‌కు పెద్దనాయిన వరస. ఇద్దరు కూతుళ్లకు పెళ్లిళ్లయి వెళ్లిపోయారు, ఇంట్లో అతనూ భార్య సాలమ్మా. ఒకరోజు మధ్యాహ్నం లారీ ఇంకా రాలేదు. ప్రేమ్‌సాగర్ ఎండలోనే బస్తాల మీద బోర్లా పడి నిద్రపోతున్నాడు. నిద్ర సుఖమెరుగదంటారు. ఆ నిద్ర ఎండనూ ఎరగలేదు. మైసయ్య తన తువ్వాలు తీసి అతని తల మీద కప్పాడు. ఆ కప్పడానికే అతనికి మెలకువ వచ్చింది.

"ఎన్ని సెకండ్లు ఎక్కువైతున్నయ్ బిడ్డా?"

"ఇరవై అయిదు, పెద్దనాయినా."

"ఇరవై అయిదు సెకండ్లంటె ఎంతసేపు?"

ప్రేమ్‌సాగర్ బస్తాల వైపు చూశాడు. "ఒక్క బస్తా ఎత్తుకపోయి లారీల దించి వచ్చేంత."

"ఒక్క బస్తానా" అన్నాడు మైసయ్య. చాలాసేపు బీడీ తాగాడు. "రేపటి సంది పగటి దాక మొయ్యి. పగటీలి ఇంటికి పోయి పండు. పరీక్ష దాక గట్లనే."

"పగటీలి నా వంతు?"

"ముఠా చూసుకుంటది."

"ఎవలెవలు మోస్తరు పెద్దనాయినా?"

"ముఠా అన్న గద. ఎవలని అడుగకు. తెలిస్తె వాళ్ల మొకం జూసినప్పుడల్ల నీకు నిద్రవట్టది. ఈ ముఠాల ఒక్కడన్న సీదా నడుముతోని బయటపడనీ."

ప్రేమ్‌సాగర్ మళ్లీ అడగలేదు. అడిగి ఉండాల్సింది. కానీ ఇరవై తొమ్మిదేళ్ల మనిషికి, తొమ్మిదేళ్లుగా మధ్యాహ్నం నిద్ర ఎరగని మనిషికి, పండుకో బిడ్డా అని ఎవరైనా అంటే ఎదురు ప్రశ్న వేయబుద్ధి అవుతుందా? మొదటి మూడు రోజులు సిగ్గుతో నిద్ర పట్టలేదు. నాలుగో రోజు రొట్టె తిని గోడకు ఒరిగినవాడు సాయంత్రం గ్లోరీ వచ్చి లేపేదాకా లేవలేదు. కాళ్లలో గడ్డలు మెల్లగా కరిగాయి. ఏడు నిమిషాల ఇరవై ఎనిమిది. ఏడు పంతొమ్మిది. ఒక పొద్దున విజేందర్ ఫోను చూసి, నమ్మక ఇంకోసారి చూసి, "ఏడు పదకొండు అన్నా" అన్నాడు. ప్రేమ్‌సాగర్ గ్రౌండులో అలాగే వెల్లకిలా పడుకుని ఆకాశం చూశాడు. కాళ్లు తనవేనని అతనికి ఆ రోజు తెలిసింది. అంత సంతోషం అతనికి పెళ్లినాడు కూడా లేదని గ్లోరీ తర్వాత దెప్పింది.

పరీక్ష ఇంకా ఆరు రోజులుందనగా, ఒక మధ్యాహ్నం ఏడో నంబరు కాటమయ్య వచ్చి తలుపు కొట్టాడు. వడ్ల దుమ్ముతో కనురెప్పలు తెల్లగా ఉన్నాయి.

"మేస్త్రీ పడ్డడు. పలక మీదికెళ్లి. నడుము కదుల్తలేదు."

ప్రేమ్‌సాగర్ చొక్కా కూడా వేసుకోకుండా బయటికి వచ్చాడు. దారిలో కాటమయ్య మాటలు కూడబలుక్కుంటూ చెప్పాడు. "ఆయిన వంతు అయిపోయింది. పదకొండు వంతు ఎత్తుకున్నడు. సగం పలక ఎక్కినంక కాలు వణికింది."

"పదకొండు ఇయ్యాల్ల మేస్త్రీకి వచ్చిందా?"

కాటమయ్య నడక ఆపాడు. "ఇయ్యాల్ల గాదు సాగర్. దినాం ఆయినెనే."

సంగతి ఇది. మైసయ్య ముఠాను అడిగిన మాట నిజం. ముఠా ఒప్పుకోలేదు. ఒప్పుకోలేదని వాళ్లను తిట్టడం తేలిక. కానీ ఆ నెలలో ఎవరి వంతు మోయడానికే వాళ్ల నడుములు సరిపోవడం లేదు, ఇంకొకడి బస్తా ఎక్కడ పెట్టుకుంటారు. వద్దంటే ఊరుకునే మనిషైతే మైసయ్య ఎందుకవుతాడు. "సరే, పదకొండు నా మీద ఏసుకోండ్రి. ఈ ముచ్చట ఆనికి తెలువద్దు" అన్నాడట. ఒకటో నంబరు తర్వాత రెండు నుంచి పది దాకా మోసే లోపు కాసేపు ఊపిరి తీసుకుని, పదకొండుకు లేచేవాడు. పన్నెండో వాడు దిగగానే మళ్లీ ఒకటి తనదే. యాభై ఏడేళ్ల వీపు మీద తొమ్మిది మధ్యాహ్నాలు ఇద్దరు మనుషుల బరువు నడిచింది.

మహబూబ్‌నగర్ దవాఖానలో ఫొటోలు తీసి, వెన్నుపూసల మధ్య గుజ్జు జారింది, ఇక జన్మలో బరువు ముట్టొద్దు అన్నారు. ఇంటికి తెచ్చి చెక్కబల్ల మీద పడుకోబెట్టారు. ప్రేమ్‌సాగర్ ఆ బల్ల పక్కన కింద కూర్చున్నాడు. ఏడవాలో కోప్పడాలో తెలియలేదు. చివరికి కోప్పడ్డాడు.

"నాకెందుకు చెప్పలే? నేను పోను పెద్దనాయినా. గా పరీక్షా వద్దు, ఏం వద్దు. రేపు పొద్దుగాల యార్డుకే పోత."

మైసయ్య పైకప్పు రేకుల వైపే చూస్తున్నాడు. మెడ తిప్పే వీలు లేదు. "నువ్వు పోకుంటె ఇది ఉత్తగ పోయినట్టే బిడ్డా. దేనికి పడ్డవే ముసలోడా అని రేపు ఎవడన్న అడుగుతె నేనేం చెప్పాలె? నువ్వు ఉరికినవంటె నా నడుము దేనికి పోయిందో నాకు ఎరుకైతది. పో."

సాలమ్మ గుమ్మంలో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. ప్రేమ్‌సాగర్‌ను ఆమె ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే అతనికి కొంచెం తేలికయ్యేది. మరునాటి నుంచి సిగ్గుపడ్డ ముఠా పదకొండో వంతును పంచుకుని మోసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా పట్టుకున్నారు.

పరీక్షనాడు మహబూబ్‌నగర్ గ్రౌండులో మంచు ఇంకా విడవలేదు. ఛాతీకి ఒక నంబరు కట్టారు, కాలికి సెకన్లు లెక్కపెట్టే పట్టీ వేశారు. ఈల ఊదగానే ప్రేమ్‌సాగర్ ఉరికాడు. రెండో చుట్టులో రొమ్ము మండింది. మూడో చుట్టులో మైసయ్య పలక మీద నిలబడ్డట్టు కనబడ్డాడు. అంతే, ఆ తర్వాత అతనికి చుట్టూ ఎవరూ గుర్తు లేరు. ఆరు నిమిషాల యాభై రెండు. తన జన్మలో అంత జోరుగా ఎన్నడూ ఉరకలేదు. పక్కకు పోయి వాంతి చేసుకుని, మోకాళ్ల మీద కూలబడి ఏడ్చాడు. మైసయ్య నడుముకు లెక్క చెప్పేశాననుకున్నాడు. దూకుడులో నాలుగు మీటర్ల ముప్పై. అదీ దాటింది.

ఇక గుండు.

వరసలో నిలబడ్డప్పుడు అతనికి భయం అన్నది లేదు. ముందున్న కుర్రాళ్లు ఎంత సన్నగా ఉన్నారో చూసి వాళ్ల మీద జాలిపడ్డాడు కూడా. తన వంతు రాగానే గుండును మెడ పక్కన ఆనించుకున్నాడు, భుజం నుంచి తోశాడు. ఇనుము దబ్బున పడింది. టేపు పట్టుకున్న కానిస్టేబుల్ "అయిదు ఇరవై" అన్నాడు. ప్రేమ్‌సాగర్ నమ్మలేదు. టేపులో తప్పుందేమో అనుకున్నాడు.

తప్పు టేపులో లేదు, చేతిలో ఉంది. హమాలీ చేయి బరువును ఎత్తుతుంది, మోస్తుంది, దించుతుంది. విసరదు. బస్తాను విసిరితే కుట్టు పగిలి గింజలు నేల పాలవుతాయి. అందుకే బస్తా నేలను తాకేదాకా దాని మూలనున్న చెవి వదలరు. పసిపిల్లను పక్కమీద పడుకోబెట్టినట్టు దించడమే పనితనం అంటారు. తొమ్మిదేళ్లు, రోజుకు రెండు వందల సార్లు ఆ చేయి అదే నేర్చుకుంది. ఇప్పుడు గుండును వదలాల్సిన క్షణంలో వదలలేదు. చివరిదాకా దానితో పాటు వెళ్లి మెల్లగా దించబోయింది. మనిషి తోస్తున్నాడు, చేయి ఆపుతోంది.

రెండోసారి కోపంతో వేశాడు. ఆరు మీటర్ల గీతకు దగ్గర్లోనే పడింది గానీ, ఆ ఊపులో ఒక కాలు వలయం దాటింది. ఫౌల్ అన్నారు. మూడోసారి గుండును పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. "ఎయ్ భాయ్, ఎనక మంది ఉన్నరు" అన్నాడు టేపు మనిషి. వేశాడు. అయిదు డెబ్బై నాలుగు. ఏనుగు వెళ్లి తోక చిక్కింది. గ్రౌండు గేటు దాకా అతన్ని ఎవరూ పంపక్కర్లేకపోయింది, తనే నడిచి వచ్చాడు.

విజేందర్ మూడూ దాటాడు. కోస్గి బస్సులో ప్రేమ్‌సాగర్ పక్కన కూర్చుని, తన సంతోషాన్ని దాచుకోలేక, చూపించలేక గంటన్నర సేపు కిటికీలోంచి బయటికి చూశాడు. దిగేముందు, "అన్నా, గుండు సంగతి నేనెవలికీ చెప్ప" అన్నాడు. ఎందుకన్నాడో ఆ సమయానికి ప్రేమ్‌సాగర్‌కు అర్థం కాలేదు.

బస్సు దిగి నేరుగా మైసయ్య ఇంటికి వెళ్లాడు. నిజం చెప్పడానికే వెళ్లాడు, ఆ మాట నమ్మండి. గుమ్మంలో అడుగు పెట్టాడో లేదో బల్ల మీదినుంచి మైసయ్య అడిగాడు.

"ఉరికినవా?"

"ఉరికిన పెద్దనాయినా."

"ఎంత?"

"ఆరు యాభై రెండు."

మైసయ్య నవ్వాడు. నవ్వుతో నడుము పట్టేసి మూలిగాడు, మూలుగుతూ మళ్లీ నవ్వాడు. "ఓ సాలీ, చక్కెర తే. ఆని నోట్లె పొయ్యి. మనోడు గెలిచిండు." సాలమ్మ పిడికెడు చక్కెర తెచ్చి ప్రేమ్‌సాగర్ నోట్లో పోసింది. వారం రోజుల తర్వాత ఆమె ముఖంలో మొదటిసారి కొంచెం రక్తం కనబడింది. ఆ చక్కెర నోట్లో పెట్టుకుని గుండు మాట ఎవడు చెప్పగలడు.

"ఇంకేమున్నది మల్ల?" అన్నాడు మైసయ్య.

"పెద్ద రాతపరీక్ష ఉన్నది. నాలుగు నెలలకు" అన్నాడు ప్రేమ్‌సాగర్. అందులో ప్రతి మాటా నిజమే. ఉన్నది, పాసైనవాళ్లకు. అబద్ధం అలా పుట్టింది, ఒక్క అబద్ధమైనా ఆడకుండా.

ఇంటికి వచ్చి గ్లోరీకి అంతా చెప్పాడు. ఆమె ముందు గుండు గురించి ఏడ్చింది, తర్వాత అబద్ధం గురించి కోప్పడింది. "దేవుడు సూస్తలేడనుకున్నవా?" అంది. "రాతపరీక్షల పోయిందని చెప్పుకుంట" అన్నాడు అతను. "సదువు నాది, పోతె నా మీదనే ఉంటది. గుండుల పోయిందంటె, ఆయిన నడుము ఏడు కిలోల కోసం పోయినట్టైతది." ఆదివారం ప్రార్థనలో గ్లోరీ చాలాసేపు కళ్లు మూసుకుని కూర్చునేది.

మరునాటి నుంచి ప్రేమ్‌సాగర్ పదకొండో నంబరు రెండు పూటలూ మోశాడు. ఒకటో నంబరు మీదికి కొత్త మనిషి వచ్చాడు, కాటమయ్య మేస్త్రీ అయ్యాడు. రోజూ సాయంత్రం మైసయ్య కబురు పంపేవాడు, పుస్తకం పట్టుకుని రమ్మని. "నా ముందట సదువు. ఇంట్ల గ్లోరీతోని ముచ్చట్లు పెట్టుకుంట కూసుంటవ్." తనది కాని పరీక్షకు ప్రేమ్‌సాగర్ నాలుగు నెలలు గొంతెత్తి చదివాడు. నదులు, రాజులు, చట్టాలు. మైసయ్య బల్ల మీద పడుకుని వింటూ, మెల్లగా కర్ర పట్టుకుని లేచి కూర్చునే దాకా వచ్చాడు. కొన్ని జవాబులు అతనికే నోటికి వచ్చేశాయి. పరీక్షనాడు సాలమ్మ టిఫిన్ డబ్బాలో పులిహోర కట్టి ఇచ్చింది. ప్రేమ్‌సాగర్ అట్టా పెన్నూ పట్టుకుని మహబూబ్‌నగర్ బస్సెక్కాడు. బస్టాండులో బల్ల మీద కూర్చుని, పన్నెండింటికి ఆ పులిహోర తిని, పరీక్ష అయిపోయే వేళకు తిరుగు బస్సెక్కాడు. ఏం దొంగతనం చేశాడని అంత భయం భయంగా దిగాడో అడిగితే చెప్పలేకపోయేవాడు.

ఫలితాలు వచ్చాయి. విజేందర్ పేరు ఉంది. ప్రేమ్‌సాగర్ ఆ సాయంత్రం మైసయ్య ఇంటికి వెళ్లి, నెలలుగా మనసులో అనుకుంటున్న మాట ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. "నాది రాలే పెద్దనాయినా. లెక్కలల్ల పోయింది."

మైసయ్య తిడతాడనుకున్నాడు. లేకపోతే పోనీలే బిడ్డా అంటాడనుకున్నాడు. మైసయ్య ఆ రెండూ అనలేదు. కర్ర రెండు చేతులతో పట్టుకుని నేల చూస్తూ కూర్చున్నాడు.

"నీ బాపుకు మన్నువెట్టిన తెల్లారి నువ్వు మల్ల కాలేజీకి పోతె, ఎంబడే నారాయణపేటకొచ్చి నిన్ను దోల్కొచ్చింది నేను" అన్నాడు. "పరీక్షలు ఇంక ఇరవై దినాలే ఉన్నయ్ పెద్దనాయినా, రాసి వస్త అన్నవ్. నేను ఇన్లే. మూడు పూటలు దాటితె నంబరు పోతది, నంబరు పోతె మల్ల రాదు, పరీక్షలు మల్ల వస్తయ్ అన్న. సారు గూడ చెప్పిండు నాకు, పిలగాడు లెక్కలల్ల మంచిగున్నడని."

"గదంత ఇప్పుడెందుకు పెద్దనాయినా."

"నీ కాళ్లు గెలిచినయ్ బిడ్డా. తలకాయకాడ ఓడినవ్. గా తలకాయను మూట కింద పెట్టింది నేనే."

ప్రేమ్‌సాగర్ నోరు తెరిచాడు. గుండు మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ముసలాయన నడుము ఉత్తగా పోతుంది. చెప్పకపోతే ఈ పాపం ముసలాయన మెడకు చుట్టుకుంటుంది. తను ఏడు నెలలు మోసిన అబద్ధం ఆయన్ను కాపాడలేదని, దెబ్బను ఇంకోచోటికి మార్చిందంతేనని అర్థమైంది. "తప్పు నీది గాదు" అని ఒక్క మాట మాత్రం అనగలిగాడు. మైసయ్య ఆ మాట నమ్మలేదు.

ఇప్పటికీ నమ్మడు. ఎండ తగ్గాక కర్ర పట్టుకుని యార్డు గేటు పక్క చాయ్ హోటల్ దగ్గరికి వస్తాడు. కొత్తగా వచ్చిన లారీ డ్రైవర్ ఎవరైనా దొరికితే, పదకొండో నంబరును చూపించి మొదలుపెడతాడు. గీ పిలగాడు ఆరు నిమిషాల యాభై రెండు సెకండ్లల్ల ఉరికిండు, సదువు నేను చెడగొట్టిన గానీ, లేకుంటె ఈపాటికి ఎస్సై గూడ అయితుండె అని. చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకుంటాడు. పది అడుగుల దూరంలో పలక మీద ప్రేమ్‌సాగర్‌కు ప్రతి మాటా వినబడుతుంది. అతను బస్తాను చప్పుడు కాకుండా దించి, పలక దిగి వచ్చి, తన వంతు కోసం పదో నంబరు వెనక నిలబడతాడు.